ముద్రమ్మ అడిగే ప్రశ్న

మా పక్క గదిలో నోటరీ కూర్చుంటుంది. ఎదురుగా అందరూ మేడమ్ అంటారు, చాటున మాత్రం వీధంతటికీ ఆవిడ ముద్రమ్మే. నేను వదినా అంటాను, ఆవిడా నన్ను అలాగే పిలుస్తుంది. నాది టైలరింగ్ షాపు. మా రెండు గదులకీ మధ్య ఉన్నది ఒక చెక్క అడ్డం, అంతే. బల్ల, మూడు కుర్చీలు వేసేసరికి ఆవిడ గది నిండిపోయింది.

అందుకే ఆవిడ బయటికి పంపినవాళ్ళంతా నా నెత్తినే పడతారు. కత్తిరించి పెట్టుకున్న జాకెట్టు గుడ్డల మీదే కూర్చుంటారు, ఏం చెప్పను నా ఖర్మ! సంతకం పెట్టే మనిషితో ఒంటరిగా మాట్లాడనిదే ఆవిడ ముద్ర బయటికి తీయదు. అడ్డం మీద రెండుసార్లు తట్టిందంటే నేను మిషన్ గట్టిగా తొక్కాలి, లోపలి మాట ఇవతలికి వినపడకుండా. కుట్టడానికేమీ లేకపోతే ఉత్త పీలిక మీద కుట్లు వేస్తూ కూర్చుంటాను.

ఆవిడ పనేమిటో చాలామందికి తెలియదు. త్వరగా తెములుతుందని సంతకాలు ఇంట్లోనే పెట్టుకొచ్చేస్తారు. "నేను చూడని సంతకాన్ని చూశానని ఎలా చెప్పమంటారండీ?" అని మళ్ళీ పెట్టిస్తుంది. వాళ్ళు నా గుమ్మంలో నిలబడి ఆవిడని తిట్టిపోస్తారు. ఒకసారి ఒకావిడ మొగుణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. ఇక సిగరెట్టు ముట్టనని రాసిచ్చాడట, దానికి ముద్ర కావాలట. "వేస్తానమ్మా. సంతకం ఈయనదేనని వేస్తాను. మానేస్తాడని మాత్రం నా ముద్ర చెప్పదు," అంది ముద్రమ్మ. ఆయన నవ్వబోయి పెళ్ళాం మొహం చూసి ఆగిపోయాడు.

మొన్నొక సాయంత్రం అక్కా తమ్ముడూ వచ్చారు. అక్క రిటైరైన నర్సు. గొంతు బొంగురు, మెడకి మెత్తటి గుడ్డ చుట్టుకుంది. క్యాన్సరట. మర్నాడే ఆపరేషన్, స్వరపేటిక తీసేస్తారు, ఇక మాట రాదు. తన తరఫున తమ్ముడు సంతకాలు పెట్టేలా అతనికి అధికారం రాసివ్వాలి. జిరాక్స్ షాపులో ఉన్న నమూనాలో పేర్లు మార్చి టైపు చేయించుకొచ్చాడతను. ముద్రమ్మ అతన్ని నా దగ్గరికి పంపేసి అడ్డం తట్టింది.

అతనికి కాలు నిలవడంలేదు. "ఎంతసేపండీ? ఆసుపత్రిలో ఇవాళే చేర్చాలి. అక్కని మాట్లాడించొద్దన్నారు. తలూపితే చాలదా? బ్యాంకు, ఇల్లు అన్నీ అందులోనే ఉన్నాయి కదా!"

ఇల్లు అనేసరికి నాకు ఒళ్ళు మండింది. ఓహో, అదా సంగతి అనుకున్నాను. మనిషి చూడబోతే బుద్ధిమంతుడే. అలాంటి బుద్ధిమంతుల్ని ఎంతమందిని చూశానో నేను! మిషన్ ఇంకా గట్టిగా తొక్కాను.

కాసేపటికి ముద్రమ్మ ఇద్దరినీ పిలిచింది. "వదినా, నువ్వూ రా. సాక్షి సంతకం పెడుదువుగాని."

వెళ్ళాం. ముద్రమ్మ తమ్ముడితో నిదానంగా చెప్పింది. "ఈ కాగితంతో ఏం జరుగుతుందో మీ మాటల్లో చెప్పండి అని అడిగాను. బ్యాంకు పనులు, ఆసుపత్రి సంతకాలు అన్నారు మీ అక్కగారు. ఇల్లు అమ్మే అధికారం కూడా ఉందమ్మా అంటే, అది తీసేయమంటున్నారు."

అతను అక్క వైపు తిరిగాడు. "నమూనాలో ఉంది, ఉండనీలే అనుకున్నా. నీ ఇల్లు నేను అమ్ముకు తింటానా అక్కా?"

"తినడానికి అమ్మవురా," అందావిడ. ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటోంది. "నా కోసం అమ్ముతావు. ఇంకో ఆపరేషన్ అంటారు, ఇంకో పెద్దాసుపత్రి అంటారు. కంగారుపడి అమ్మేస్తావు. నా వార్డులో ఎంతమంది తమ్ముళ్ళని చూడలేదు! అదే ఇంట్లో ఉంటున్న నీ పిల్లలు ఎక్కడికి పోతారు? ఒద్దురా అనడానికి అప్పటికి నాకు గొంతుండదు."

"అమ్మితే అమ్ముతా! నువ్వు బతికితే చాలదా?"

"చూశారా మేడమ్, నేను చెప్పలా?" అంటూ నవ్వబోయింది. దగ్గొచ్చింది.

ఇందాకటి నుంచి అతన్ని మనసులో తిట్టుకున్న తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను. ముద్రమ్మ ఇల్లు అమ్మే మాట తీసేసి, ఈ కాగితంతో దాన్ని అమ్మే హక్కు తమ్ముడికి లేదని చేర్చి, కొత్త కాగితం టైపు చేసింది. మొదటినుంచి చివరిదాకా పైకి చదివింది.

"ఇది మీ ఇష్టమేనా? తలూపొద్దు. నోటితో చెప్పండి."

ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుంది. "నా ఇష్టమే," అంది. ఎవరూ అడక్కుండానే తమ్ముడి వైపు తిరిగి మళ్ళీ అంది, "నా ఇష్టమేరా."

సంతకం పెట్టింది. నేనూ పెట్టాను. ముద్ర పడింది. ఆసుపత్రికి వేళవుతోందని తొందరపెట్టిన మనిషి, పని అయిపోయాక కుర్చీలోంచి లేవలేదు.

"అక్కా, ఓసారి నన్ను తిట్టవే."

ఆవిడ లేచి నిలబడింది.

"ముందా ముక్కు తుడుచుకో వెధవా," అంది. "బండి నువ్వే నడపాలి."