నోట పలకని కొండ

మాలెబోనే కొండల్లో పుట్టింది, కొండల్లోనే కాపురం చేస్తోంది. అయినా పెళ్ళయిన నాటి నుంచి "కొండ" అన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు. మా భాషలో కొండను థాబా అంటాం. ఆమె మామగారి పేరూ అదే. మామగారి పేరు కోడలు పలకకూడదు. ఆ పేరులోని మాటను వంటింట్లో కూడా వాడకూడదు. అందుకని ఆమె కొండను "పైది" అంటుంది. వాళ్ళ ఊరివైపు బస్సు వెళ్ళేది థాబా-త్సెకాకు. కండక్టరు ఎక్కడికని అడిగితే "చివరిదాకా" అంటుంది.

భర్త దక్షిణాఫ్రికా గనుల్లో పనిచేస్తాడు. గొర్రెలు, మామగారు, ఆయన కోపం, అన్నీ ఆమె బాధ్యతే. కంట్లో శుక్లం తీయించడానికి ఆయనను రాజధాని మాసేరు ఆసుపత్రిలో చేర్చారు. ఇంటికి వెంటబెట్టుకుని వెళ్ళడానికి ఆమె తెల్లవారుజామున కొండ దిగి వచ్చింది. మర్నాడు ఉన్ని కత్తిరించే షెడ్డులో వారి వంతు. గొర్రెల యజమానిగా మామగారు ఎదుట నిలబడనిదే అక్కడ గొర్రెను ముట్టరు. వంతు తప్పితే ఈ ఏటి ఉన్ని గొర్రెల మీదే ఉండిపోతుంది. మధ్యాహ్నం బస్సు దొరికి తీరాలి.

వార్డులో మామగారి మంచం మీద ఇంకెవరో పడుకుని ఉన్నారు. బల్ల దగ్గరి నర్సు తలెత్తకుండానే అడిగింది.

"ఎవరి కోసమమ్మా?"

"మా ఆయన వాళ్ళ నాన్నగారి కోసం."

"పేరు?"

"నేను కోడల్ని."

నర్సు పెన్ను కింద పెట్టింది. "ఇప్పుడిదొకటా. ఇంటిపేరైనా చెప్పు."

"అది ఆయన తండ్రిగారి పేరు. అదీ అనకూడదు."

"వంశం?"

"మొసలి వంశం."

"ఈ వార్డులో సగంమంది మొసళ్ళే తల్లీ. మెల్లగా నా చెవిలో అనేసెయ్. లేదా కాగితం మీద రాయి."

"చేత్తో అన్నా అన్నట్టే కదమ్మా."

వెనక వరసలో ఎవరో గొణిగారు. "ఇక్కడే ముసలివాళ్ళమైపోయేలా ఉన్నాం. మాకూ మంచాలు వేయించండి."

మాలెబోనే చెయ్యి ఎత్తి కిటికీలోంచి ఊరి వెనకనున్న కొండలను చూపించింది. ఆ రోజు వాటి తలల మీద మబ్బులు పట్టి ఉన్నాయి.

"అదిగో, అదే ఆయన పేరు."

నర్సు చూసి తలూపింది. "అర్థమైందిలే. నీ ఎదుట నేనూ అనను. ఆయన్ని పొద్దున్నే పంపేశాం. ఊరవతల వసతి గృహంలో ఉన్నారు, వెళ్ళు."

టాక్సీ దారిలో కనిపించిన ప్రతి మనిషికీ హారన్ కొడుతూ, ఆగుతూ వెళ్ళింది. వసతి గృహం కాపలావాడు లోపలికి కేకేశాడు.

"మారు తాతా, మీ కోడలొచ్చింది."

మారు అంటే మబ్బులు. మాలెబోనే గుమ్మంలోనే ఆగిపోయింది. కంటికి కట్టు కట్టుకున్న ముసలాయన బయటికొచ్చి ఆమెను ఎగాదిగా చూశాడు.

"మా కోడలు ఇంత సన్నగా ఉండదే. కంటికి మందేసి కోడల్ని కూడా మార్చేశారా?"

ఆమెకు నవ్వు రాలేదు. "నేను మీ కోడల్ని కాదు తండ్రీ."

"మరెవరి కోడలివి?"

ఆమె అప్పటికే టాక్సీ కోసం వెనక్కి తిరిగింది.

ఆసుపత్రికి చేరేసరికి బల్ల దగ్గర నర్సు మారింది. కిటికీలో కొండలూ లేవు. మబ్బు కిందికి దిగి కడిగినట్టు అన్నిటినీ తుడిచేసింది. చూపించడానికి ఏమీ మిగలలేదు.

"ఎవరి కోసం?" అంది కొత్త నర్సు. "పేరు చెప్పు."

మాలెబోనే భుజం మీది దుప్పటి బిగించి కట్టుకుంది.

"థాబా," అంది. నర్సు రెండోసారి అడగకుండానే గొంతు పెంచింది. "థాబా. అర్థమైందా? థాబా."

వరండా తలుపు వెనక గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"పశువుల కాపరిని పిలిచినట్టు ఎవరే నన్ను పిలుస్తోంది?"

మంచం ఖాళీ చేయించి మామగారిని అక్కడి బెంచీ మీద కూర్చోబెట్టారట. పొద్దుటి నుంచీ అక్కడే టీ తాగుతూ ఉన్నారు.

"నేనే," అంది మాలెబోనే.

"నువ్వా?"

"నేనే. మీ కోసం ఊరంతా తిరిగాను."

ఆయన కట్టులేని కంటితో ఆమెను చూశారు. "ఈ తప్పుకు కోడి ఇచ్చుకోవాలి."

"ఇస్తాను. ముందు బూట్లు తొడుక్కోండి."

"పెట్ట కాదు, పుంజు."

"బస్సు దొరికితే పుంజు. దొరక్కపోతే షెడ్డు ముందు నిలబడి ఇంకోసారి పిలుస్తాను, గొర్రెలు కూడా వినేలా."

మామగారు బూటు కోసం బెంచీ కింద తడిమారు.

బస్సు దొరికింది గానీ సీటు ఒక్కటే దొరికింది. మామగారు కూర్చున్నారు, ఆమె కడ్డీ పట్టుకుని నిలబడింది. ఆ పుంజు ఏ రంగుదై ఉండాలో, దాని తోక ఎంత ఉండాలో ఆయన దారి పొడవునా చెబుతూనే ఉన్నారు.