గుడ్ ఫ్రైడేకి ఏడుగురు

మా అత్తయ్య రిబ్కాకు కోపం రాదు. ఆవిడ వాటా కూడా నాకే వచ్చిందని మా ఆయన సుధీర్ ఆటపట్టిస్తాడు. పట్టించనివ్వండి. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ముప్పై ఏళ్లు పసుపు తవ్వి, వండి, ఆరబోసి చేతులు కాయలు కాచిన మనిషి, ఇప్పటికీ పొద్దున్నే చీపురు పట్టుకుని గుడి ఊడవడానికి పోతుంటే నాకు కోపం రాదా? పల్లెలో ఎవరికి పురుడొచ్చినా పక్కన ఆవిడే, ఎవరి ప్రాణం పోయినా స్నానం చేయించేది ఆవిడే. అన్నానికి ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి ఒక డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బా గుడికి పోతుంది, అక్కణ్ణుంచి జరుగుబాటు లేని ముసలివాళ్ల ఇళ్లకు పోతుంది. వాళ్లలో గుడికి వచ్చేదెవరు, రానిదెవరు అని ఆవిడ ఏనాడూ అడగలేదు.

నాది బాపట్ల. పాటలు పాడతాను. బాగానే పాడతాను, లేని వినయం నాకు చేతకాదు. పెళ్లై దుగ్గిరాల పక్కనున్న ఈ పల్లెకు వచ్చి చూస్తే మా లూథరన్ గుడిలో మైకు లేదు, హార్మోనియం ఉంది గాని సగం మెట్లు పలకవు. పాస్టరు గారికి అయిదు ఊళ్లు, మా వంతు నెలకు రెండు ఆదివారాలు. పనుల కోసం కొందరు రేపల్లె, కొందరు తెనాలి వెళ్లిపోగా సంఘంలో మిగిలింది పద్నాలుగు గడపలు. అందుకని రెండేళ్లుగా నేను తెనాలిలో ఒక పెద్ద చర్చికి పోతున్నాను. ఏసీ హాలు, కీబోర్డు, పాడేవాళ్లే ఇరవై మంది. అత్తయ్య అడ్డు చెప్పలేదు. "ఎక్కడ పాడినా దేవుడికేగా అమ్మాయ్," అంది.

ఈ ఏడు గుడ్ ఫ్రైడేకి చిక్కు వచ్చిపడింది. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు లేచి మాట్లాడటం మా ఆనవాయితీ. పాస్టరు గారు వేరే ఊళ్లో ఉంటారు కాబట్టి మావాళ్లే చెప్పుకోవాలి. సంఘపెద్ద శాలేమురాజు గారు, రిటైరైన మాస్టారు, ఇల్లిల్లూ తిరిగితే ఆరుగురే ఒప్పుకున్నారు. ఏడుగురైనా లేని గుడి ఎందుకని, ఈస్టరు నుంచి తలుపులు మూసేసి దుగ్గిరాల సంఘంలో కలిసిపోదామని ఆయన నిశ్చయించుకున్నారు. చివరి ప్రయత్నంగా మా ఇంటికి వచ్చారు.

"ఐదో మాట నువ్వు చెప్పమ్మా దీప్తీ."

"కుదరదండి. ఆ రోజు రెండున్నరకి తెనాలిలో నా పాట ఉంది."

ఆయన మొహం చిన్నబోయింది. చాటలో బియ్యం ఏరుతున్న అత్తయ్య తలెత్తకుండానే, "నేను చెప్తాలెండి మాస్టారూ," అంది.

అక్షరమ్ముక్క రాని మనిషి! "నలుగురిలో నవ్వులపాలవుతారా అత్తయ్యా?" అని అరిచేశాను.

"నువ్వు నేర్పుదువుగాని," అంది.

వారం రోజులు నేర్పాను. ఐదోది ప్రభువు తన దాహం చెప్పుకున్న మాట. దాని మీద పన్నెండు వాక్యాలు తయారుచేశాను. మూడో వాక్యానికి వచ్చేసరికి మొదటిది మర్చిపోయేది. నా తల ప్రాణం తోకకొచ్చింది.

కుదరదన్నదాన్నే, ఆవిడ తడబడితే అందిద్దామని శుక్రవారం నేనూ వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను. ఆవిడ వంతు అవగానే తెనాలి బయల్దేరడానికి ఇమ్తియాజ్ ఆటో బయట పెట్టించాను. ఏప్రిల్ ఎండ మండిపోతోంది. అందరం ఉపవాసం, మంచినీళ్లు కూడా ముట్టలేదు. పక్క కల్లంలో కూలీలు పసుపు కొమ్ములు తిరగదోస్తున్న చప్పుడు కిటికీలోంచి వినబడుతోంది.

అత్తయ్య లేచింది. కొంగు సర్దుకుని నా వైపు చూసింది. మొదటి వాక్యం పెదవులతో అందించాను. ఊహూఁ, ఒక్క ముక్క గుర్తులేదు.

"ఆయనకి దాహమేసిందంట. నాకు తెలిసింది అంతేనండి," అంది. కిటికీ వైపు చూసింది. "మనకంటే ఉపోసం. ఆ పిల్లలకేం ఖర్మ, అంత ఎండలో?"

మూలనున్న బిందె ఎత్తి చంకన పెట్టుకుని, గ్లాసు తీసుకుని బయటికి నడిచింది. శాలేమురాజు గారు నోరెళ్లబెట్టారు. ఆరాధన మధ్యలో ఎవరైనా లేచిపోతారా? తర్వాత ఆయనే పంచె ఎగ్గట్టి రెండో బిందె అందుకున్నారు. ఇంకేముంది, అందరం వెళ్లాం. నోళ్లు ఎండిపోయిన పాతికమందిమి, పేర్లు కూడా తెలియని కూలీలకు నీళ్లు పోశాం. ఇమ్తియాజ్ కూడా వచ్చి దోసిలి పట్టాడు. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు.

ఖాళీ బిందెతో తిరిగొస్తూ అత్తయ్య నన్ను చూసి గాభరాపడింది. "ఇంకా వెళ్లలేదేంటి అమ్మాయ్? నీ పాటకి టైమైపోట్లా?"

తెనాలికి ఫోన్ చేసి రాలేనని చెప్పాను, ఎన్ని తిట్లయినా పడదామనుకుని. "పర్లేదు సిస్టర్, దీవెన ఉందిగా, పాడేస్తుంది," అన్నారు ఎంతో మర్యాదగా. తిట్టినా బాగుండేది. అందులో వాళ్ల తప్పేమీ లేదు. నేను లేకపోతే అక్కడ దీవెన ఉంది, దీవెన లేకపోతే ఇంకొకరున్నారు. ఇక్కడ నేను కాదంటే, చదువు రాని మా అత్తయ్య లేవాల్సివచ్చింది.

ఆటో పంపేశాను. ఆరో మాట, ఏడో మాట కూడా అయ్యాక మైకు లేకుండానే పాడాను. కల్లంలో వాళ్లు పని ఆపి విన్నారని తర్వాత ఎవరో చెప్పారు.

ఈస్టరు నాడు గుడి మూసే ఊసు ఎవరూ ఎత్తలేదు. ఇంటికి వెళ్తుంటే శాలేమురాజు గారు గుమ్మం దగ్గర నన్ను ఆపారు.

"వచ్చే ఏడు నీకు ఏ మాట ఇమ్మంటావమ్మా?"

"ఏదైనా ఇవ్వండి మాస్టారూ, ఐదోది తప్ప. అది మా అత్తయ్యది."