లూరీన్ బూట్ల మీద మొదటి ముడత

డెట్రాయిట్ తూర్పు వీధుల్లో లూరీన్ పెటిగ్రూ నడకను దూరం నుంచే గుర్తుపడతారు. కాలివేళ్లు వంచకుండా, అరికాలు మొత్తం ఒకేసారి నేలకు ఆనిస్తుంది. ఎర్రతోలు బూట్ల మీద ముడత పడకూడదని. హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడినప్పుడు తొడిగిన రకమే అది. కంపెనీ పాత అచ్చుతో మళ్లీ చేస్తే కొనుక్కుని, రోజూ టూత్‌బ్రష్‌తో తుడుస్తూ వచ్చింది. సిటీ బస్సు నడిపే ఆమెకు ఇప్పుడు యాభై నాలుగేళ్లు.

ఆ శనివారం పొద్దున వాటితోనే చర్చి జిమ్‌కు వచ్చింది. అడుగు మందంగా ఉండే కొత్తరకం బూట్లలో చీలమండ బెణుకుతోంది మరి. నడివయసు ఆడవాళ్ల లీగు వచ్చే వారమే మొదలు. జట్టులో మిగిలింది ఒక్క చోటు. దానికి లూరీన్‌తో పాటు ఆమెకన్నా బాగా చిన్నదైన కియోనా పోటీ పడుతోంది. ఇద్దరూ ఎదురెదురుగా ఆడాలని, నెగ్గినవాళ్లకే చోటని కెప్టెన్ డెస్సీ తేల్చేసింది.

"అక్కా, మ్యూజియం వాళ్లకి చెప్పే తెచ్చావా అవి?" అంది కియోనా.

"నువ్వు పాలసీసా పట్టుకు తిరిగే రోజుల్లో ఇలాంటివే కప్పులు గెలిచాయే, పిల్లా!"

నవ్వులు ఆగకముందే కియోనా ఆమెను దాటిపోయి బాల్ వేసేసింది. మళ్లీ దాటింది. లూరీన్ కొయ్యబొమ్మలా తిరిగేసరికి బాల్ రింగులో ఉంటోంది.

మంచినీళ్లకు ఆగినప్పుడు డెస్సీ దగ్గరకొచ్చింది. "ఏమే, కోడిగుడ్ల మీద నడుస్తున్నావా?"

"బూట్లు బండల్లా ఉన్నాయే."

"బూట్లకేం రోగం? వేళ్లు వంచితే ముడత పడుతుందని నీ ఏడుపు. స్కూల్లో ఇలాగే ఆడావా? షోకేసు కావాలో ఆట కావాలో ఇప్పుడే చెప్పు. లేదంటే కియోనాని ఖాయం చేసేస్తా."

లూరీన్ బూట్ల మీదికి వంగింది. షోకు కోసం వదిలేసిన పై రంధ్రాల్లోకి కూడా లేసు ఎక్కించి బిగించింది. మునివేళ్ల మీద లేచింది. తోలు కిర్రుమని, బొటనవేలి పైన అడ్డంగా ముడత పడింది.

ఈసారి కియోనా ఎడమకు దూసుకొచ్చింది. లూరీన్ వేళ్ల మీద బలం వేసి అటు కదిలింది. బూట్ల అడుగున రబ్బరు గీతలు చెక్కనేలను కరిచిపట్టుకుని కీచుమన్నాయి. ఒళ్లంతా అక్కడికక్కడే నిలిచిపోయింది. పలచటి అడుగులోంచి నేల ఒక్కో వేలికీ తెలుస్తోంది. మెత్తటి బూట్లలోలా పాదం కుంగి లేచేదాకా ఆగక్కర్లేదు. అనుకున్న క్షణానికే కాలు అక్కడుంది. కియోనా ఊపు ఆపుకోలేక ముందుకు జారింది. బాల్ లూరీన్ చేతిలో ఉంది.

"ఓరి దేవుడా," అనుకుంది లూరీన్. వీటిలో ఇంత పట్టుందా! నిజమే, బరువెక్కువ. దూకి దిగినప్పుడల్లా దెబ్బ నడుం దాకా తగులుతోంది. అయినా మలుపు మలుపుకీ అదే పట్టు. కియోనా ఆ తర్వాత ఒక్కసారే దాటగలిగింది. చివరి బాల్ వేసి నెగ్గింది లూరీనే.

"గురువారం ఆరింటికి మ్యాచ్. ఆలస్యమైతే ఊరుకోను," అంది డెస్సీ ఆమెతో.

లూరీన్ బెంచీ మీద కూలబడి బూట్లు విప్పింది. పాదాలు కందిపోయాయి. కియోనా వచ్చి పక్కన కూర్చుని ఒక బూటు అందుకుంది. అటూ ఇటూ తిప్పింది. మెల్లగా వంచి అడుగున గీతలు చూసింది.

"ఏం పట్టు అక్కా ఇది!" అంది.

"గట్టిగా వంచి చూడవే. ఏం కాదులే," అంది లూరీన్.