ప్యాంటు అడిగిన అక్క

మా పిన్ని పోలీసుల్లో చేరినప్పుడు స్టేషన్ మొత్తానికి ఆడవాళ్లు ఇద్దరే. రెండో ఆవిడను పిన్ని అక్కా అని పిలిచేది. ఖాకీ చీరతో పరుగెత్తలేక ఒక దొంగను వదిలేయాల్సి వచ్చాక, అక్క పెద్దాఫీసరును ప్యాంటు ఇప్పించమని అడిగింది.

ఆయన పిన్ని వైపు తిరిగాడు. "నీకూ ఇబ్బందేనా?"

ముందురోజే కుచ్చిళ్లు కాళ్లకు అడ్డంపడి పిన్ని మెట్ల మీంచి జారిపడింది. అయినా ఉద్యోగం పోతుందన్న భయంతో, "నాకు బాగానే ఉంది సార్" అనేసింది.

అక్కను రికార్డుల గదిలో పడేశారు.

మూడేళ్లకు ప్యాంట్లు వచ్చాయి. పిన్ని కొత్త ప్యాంటుతోనే ఆ గదికి వెళ్లి, "ఆ రోజు అబద్ధం చెప్పానక్కా" అంది.

"తెలుసులే," అంది అక్క, ఫైళ్లు సర్దుకుంటూ. "నడుం దగ్గర వదులుగా ఉంది, కుట్టించుకో."

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదని పిన్ని రిటైరయ్యాక కూడా అంటుండేది.