గురక పెద్దాయన తనిఖీ

మంచం కనబడితే చాలు, పెద్దాయన నడుం వాల్చకుండా ఉండలేడు. వాల్చాడంటే గురకే. ఇంట్లో అయితే ఎవరైనా సర్దుకుపోతారు. కానీ ఆయన ఉద్యోగం, ఎన్నో రాజ్యాలు కలిసిన సమాఖ్యలో మనుషుల ప్రాథమిక హక్కులకు ఎక్కడ గండి పడుతోందో తిరిగి చూడటం. జైళ్లు, శరణార్థి శిబిరాలు, వృద్ధాశ్రమాలు. ఎక్కడ చూసినా మంచాలే.

ఆయన వెంట తిరుగుతూ మాటలు తర్జుమా చేసే దుబాసీ అమ్మాయికి తల కొట్టేసినట్టయ్యేది. ఒక జైలు అధికారి స్వాగతం చెబుతుండగానే గురక మొదలైంది. ఇంకోచోట ఆయన్ని లేపలేక కాపలావాళ్లు గదికి తాళం వేసుకుని భోజనానికి వెళ్లిపోయారు. ఇదేం పనని ఆమె అడిగితే, పడుకోకుండా పరుపు సంగతి ఎలా తెలుస్తుందని ఎదురు అడిగేవాడు.

ఆ రోజు, సరిహద్దు దాటి వచ్చినవాళ్లను పట్టి ఉంచే నిర్బంధ కేంద్రానికి వెళ్లారు. గదిలో ఆడవాళ్లను ఏం అడిగినా అంతా బాగుందన్నారు. గుమ్మంలో కాపలామనిషి చెవులు రిక్కించుకుని నిలబడ్డాడు మరి. పెద్దాయన ఖాళీ మంచం ఎక్కాడు. గురకకు కిటికీ అద్దాలు అదిరాయి. కాపలామనిషి పగలబడి నవ్వి, తోటివాళ్లకు చెప్పడానికి వరండాలోకి వెళ్లాడు.

అంతవరకూ ఎదుటి భవనాన్నే చూస్తున్న ఒక తల్లి దుబాసీ పక్కకు జరిగింది.

"నా పాపను అక్కడ పెట్టారు. చూడనివ్వడం లేదు. నేను చెప్పానని తెలిస్తే ఇంకా దూరం పంపేస్తారమ్మా."

దుబాసీ గుమ్మం వైపు ఒకసారి చూసింది. పెద్దాయన్ని లేపుతున్నట్టు వంగి, ఆ మాట ఆయన చెవిలో వేసింది. గురక ఆగలేదు. ఒక కన్ను మాత్రం తెరుచుకుంది.

కాసేపటికి ఆయన నడుం పట్టుకుని లేచి, అధికారిని పిలిచాడు.

"మీ మంచాలు ఒళ్లు హూనం చేశాయండీ. ఎదుటి భవనంలోవి ఎలా ఉన్నాయో చూడాలి."

అది ఇవాళ్టి తనిఖీలో లేదని అధికారి నసిగాడు. ఏ గదైనా చెప్పకుండా చూసే అధికారం తమకుందని పెద్దాయన ఆవులిస్తూ గుర్తుచేశాడు. వెళ్లి పసిపిల్లల మంచంలో కాళ్లు బయటికి వేలాడేసుకుని పడుకున్నాడు. ఒక్కో బిడ్డ తల్లి ఎక్కడుందో చెబితే తప్ప లేవనన్నాడు. సాయంత్రానికల్లా పాప తల్లి ఒడిలో ఉంది. ఎవరు చెప్పారని ఎవరికీ అనుమానమే రాలేదు. నేరమంతా పరుపుల మీదికి పోయింది.

తిరుగు రైలెక్కగానే పెద్దాయన అలసిపోయి నిజంగానే నిద్రపోయాడు. గురక భయంతో దుబాసీ చెవుల్లో దూది పెట్టుకుంది. ఎంతసేపటికీ దూదిలోంచి కూడా గురక వినబడకపోతే తీసి చూసింది.

ఆయన పసిపిల్లాడిలా, చడీచప్పుడు లేకుండా నిద్రపోతున్నాడు.