ఇంటి దోమతెర కట్టుకున్న తీగ

బొటానికల్ గార్డెన్‌లో అరుదైన మొక్కల ఆవరణ మా బాబాయి ఏలుబడిలో ఉండేది. ఆ సామ్రాజ్యానికి పట్టపురాణి ఒక నీలిపూల తీగ. అడవుల్లో దాని జాతి ఎప్పుడో అంతరించింది. మిగిలిందల్లా బాబాయి కుండీలో ఉన్న ఈ ముసలి తీగే. కొమ్మ నాటితే వేరు పట్టదు. గింజ కట్టాలి, లేకపోతే వంశం అంతటితో సరి.

పురుగు వాలుతుందని బాబాయి ఇంట్లో మంచానికున్న దోమతెర విప్పి తెచ్చి తీగకు కట్టాడు. పిన్ని దోమల పాలైంది. బ్రష్షుతో పుప్పొడి అద్దుదామని వచ్చిన ఆఫీసరుగారిని కూడా, "చెయ్యి తగిల్తే రాలిపోతాయండీ" అని వినయంగా గుమ్మం నుంచే సాగనంపాడు. ఏటా పూలు విరగబూసేవి, ఏటా ఉత్తినే రాలేవి. బాబాయి ఎరువు మార్చేవాడు, మట్టి మార్చేవాడు.

బడిపిల్లలు వచ్చిన రోజు మాత్రం ఆయన ఉపన్యాసం వినితీరాలి.

"తేనెటీగ వాలనిదే గింజ లేదు! తేనెటీగని తరిమేవాడంత దుర్మార్గుడు లోకంలో ఉండడు. అర్థమైందా?"

"అర్థమైందండీ!"

వాళ్లటు వెళ్లగానే ఇటొచ్చి తెర అంచులు భద్రంగా దోపేవాడు.

గేటు దగ్గర టిక్కెట్లమ్మే పిన్ని ఒకరోజు క్యారేజీతో అక్కడికి వచ్చింది. తెరమీద ఒక తేనెటీగ దారి వెతుక్కుంటూ పైకీ కిందికీ పాకుతోంది.

"ఏమండీ, టిక్కెట్టు కొనలేదని నిలబెట్టారా దీన్ని?"

"దేన్ని?"

"పిల్లలకి చెప్తుంటారే, ఆ దుర్మార్గుణ్ణి ఇవాళ కళ్లారా చూశాను. టోపీ కూడా అచ్చం మీదే!"

బాబాయి టోపీ తీసి క్యారేజీ వెనక పెట్టాడు.

తెర తీయడం రాజ్యాన్ని వదులుకున్నంత గంభీరంగా జరిగింది. తేనెటీగలు వచ్చాయి. వాటి వెనకే గొంగళిపురుగులూ విందుకొచ్చాయి. బాబాయి స్టూలు వేసుక్కూర్చుని ఒక్కో పురుగునీ పుల్లతో ఏరి అవతల వదిలేవాడు.

"అమ్మాయి పెళ్లప్పుడైనా ఇంత బెంగపెట్టుకోలేదు మీరు," అంది పిన్ని.

ఆకులు జల్లెడైపోయాయి. పూలు రాలాయి. ఒక్కచోట మాత్రం పువ్వు పోయినా కాడ నిలిచింది, కాయై ఉబ్బింది.

ఆ గింజల్లో కొన్ని విత్తనాలు దాచే శీతల గిడ్డంగికి, కొన్ని వేరే తోటలకు వెళ్లాయి. మిగిలినవి పిల్లల చేతే కుండీల్లో నాటించాడు. మొలకలొచ్చాయి. తెర మళ్లీ మంచమెక్కింది.

ఉపన్యాసం ఇప్పటికీ అదే, చిన్న సవరణతో: "తేనెటీగని తరిమేవాడు దుర్మార్గుడే అనుకోకండి. పాపం, పిరికివాడు కూడా అయ్యుండొచ్చు."