చిన్నాన్న వేసిన మబ్బు

చిన్నాన్న పొద్దున్నే డ్యూటీకి బయలుదేరుతూ గేటు దగ్గర ఆగి, ఆకాశం చూసి, అరచేతి మీద పెన్నుతో రాసుకుంటారు. "బూడిద రెండు, పసుపు అర, తెలుపు కాస్త." ఆయన బస్సు డిపోలో పెయింటరు. ఏ రంగైనా ఆయనకు డబ్బాల్లోనే కనిపిస్తుంది.

"ఇవాళ మబ్బుకి ఎన్ని డబ్బాలు పట్టాయేమిటి?" అని పిన్ని లోపలినుంచే వేళాకోళం చేస్తుంది.

బొమ్మలు వేయడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. బస్సుల సొట్టలకు లప్పం పూసే రేకుతోనే నూనెరంగును ముద్దలుగా పెట్టి, గీరి, మళ్ళీ పెట్టి కొండలూ పొలాలూ వేసేవారు. వాటిలో అన్నిటికన్నా పెద్దది వాన దిగబోతున్న మైదానం. కింద బెత్తెడు నేల, పైనంతా మబ్బే. దాని ముందు నిలబడితే తడిసిపోతానేమో అనిపించేది నాకు.

లైబ్రరీలో కొత్త రీడింగు రూము తెరుస్తున్నారనీ, గోడకు ఒక చిత్రం కావాలనీ తెలిసి, ఆ వాన బొమ్మ ఇద్దామన్నాను.

"నా పేరు చెప్పకమ్మా. ముందు నలుగురూ ఏమంటారో చూద్దాం," అన్నారు. ఆ నలుగురి మాట కోసం ఎంత ఆశపడ్డారో, ప్రారంభం రోజుకని, తనకున్న ఒక్క మంచి చొక్కా ఇస్త్రీ చేయించుకున్నారు.

డిపోలో రంగు ఆరిందో లేదో వేలి కణుపు ఆనించి చూస్తారు. అంటకపోతే బస్సు రోడ్డెక్కుతుంది. చిన్నాన్న బొమ్మనూ అలాగే చూసి, ఆరిందన్నారు. అంత మందాన పెట్టిన నూనెరంగు పైన మీగడ కట్టినా, లోపల నెలల తరబడి పచ్చిగానే ఉంటుందని ఆయనకు చెప్పేవారెవరు?

ప్రారంభం రోజు మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి నేరుగా బొమ్మ మీద పడింది. ఉపన్యాసం సగంలో ఉండగా మబ్బు ముడతలు పడి, మెల్లగా కిందికి జారడం మొదలుపెట్టింది. ఒక ముద్ద, గోడవార కూర్చున్న రిటైర్డు హెడ్మాస్టరు గారి భుజం మీద పడింది.

"మాస్టారూ, వాన మీతోనే మొదలైందండోయ్!" అన్నారెవరో. గదంతా నవ్వు.

"ఎవరండీ ఈ ఘనకార్యం చేసింది?" లైబ్రేరియన్ మా వైపు తిరిగారు.

నేను నోరు తెరిచేలోగా చిన్నాన్నే అందుకున్నారు. "ఏమోనండీ. మాకూ ఎవరో ఇచ్చారు."

మాస్టారు భుజం తుడుచుకోలేదు. లేచి, కళ్ళజోడు సర్దుకుని, బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు.

"చొక్కా పోతే పోయింది. నా చిన్నప్పుడు వాన ఇలాగే దిగేది. వేసినాయన కనిపిస్తే రెండు చేతులూ పట్టుకుందును." చిన్నాన్న వైపు చూశారు. "నీకు తెలిస్తే చెప్పు నాయనా."

గోళ్ళలో ఆ బూడిద రంగు ఇంకా పోని చేతుల్ని చిన్నాన్న జేబుల్లో పెట్టుకున్నారు. "తెలిస్తే చెప్తానండీ," అన్నారు నేలచూపులు చూస్తూ. నేను పక్కనే ఉన్నాను. నేనూ చెప్పలేదు.

ఇంటికి వస్తుంటే దారిలో ఒక్కసారే మాట్లాడారు. "వాళ్ళు నవ్వినప్పుడు తప్పించుకున్నాను, సరే. పెద్దాయన అంత మాటన్నాక కూడా నోరు పెగల్లేదు చూడు."

జారినచోట జారినట్టే ఆ బొమ్మ ఇప్పటికీ రీడింగు రూములో ఉంది. చిన్నాన్న డిపోలో రూటు బోర్డులు రాస్తున్నారు. లైబ్రరీకి మాత్రం వెళ్ళరు. ఆయనకు కావలసిన పుస్తకాలు నా కార్డు మీద నేనే తెచ్చిపెడుతున్నాను.